స్టాటిక్ మెథడ్ చైల్డ్ క్లాస్‌లో మళ్ళీ రాసినా పేరెంట్‌దే రన్ అవుతోంది, ఎందుకు?

గాజువాక_కుర్రోడు:
ద్వారకానగర్‌లో జావా కోచింగ్‌కి వెళ్తున్నా. బస్ అని ఒక క్లాస్, దాన్ని ఎక్స్‌టెండ్ చేసి సిటీబస్, రెండిట్లోనూ ఛార్జీ అని స్టాటిక్ మెథడ్ (ఆబ్జెక్ట్‌కి కాకుండా క్లాస్‌కే చెందేది), పేరెంట్‌ది 10 ప్రింట్ చేస్తుంది చైల్డ్‌ది 20. బస్ టైపు వేరియబుల్ బి లో న్యూ సిటీబస్ వేసి బి డాట్ ఛార్జీ అంటే 10 వస్తోంది, స్టాటిక్ తీసేస్తే 20. పైన ఓవర్‌రైడ్ యానోటేషన్ (పేరెంట్ మెథడ్‌ని చైల్డ్‌లో మార్చి రాస్తున్నానని కంపైలర్‌కి చెప్పే గుర్తు) పెడితే అసలు కంపైలే అవట్లేదు. ఇన్‌హెరిట్ అవుతుందన్నారు కదా మరి ఇదేటి?

రుషికొండ_బ్యాకెండ్:
ఇన్‌హెరిట్ అవుతుంది గురూ, సిటీబస్‌లో ఛార్జీ రాయకుండా సిటీబస్ డాట్ ఛార్జీ అని చూడు, పేరెంట్‌దే దొరుకుతుంది. ఓవర్‌రైడ్ మాత్రం అవదు, ఎందుకంటే ఓవర్‌రైడ్‌లో రన్‌టైమ్‌లో ఆబ్జెక్ట్ ఏదో చూసి మెథడ్ ఎంచుకుంటుంది, స్టాటిక్‌కి ఆబ్జెక్ట్‌తో పనే లేదు ఇంకేం చూస్తుంది. వేరియబుల్‌ని ఏ టైపుగా డిక్లేర్ చేశావో అది చూసి కంపైలరే తేల్చేస్తుంది. జావాపీ మైనస్ సి (కంపైలైన క్లాస్‌లో ఏ ఇన్‌స్ట్రక్షన్లు ఉన్నాయో చూపించే కమాండ్) కొట్టు, స్టాటిక్‌కి ఇన్వోక్‌స్టాటిక్ అని, స్టాటిక్ తీసేశాక ఇన్వోక్‌వర్చువల్ అని కనిపిస్తుంది. ఇలా చైల్డ్‌లో అదే స్టాటిక్ మెథడ్ మళ్ళీ రాయడాన్ని మెథడ్ హైడింగ్ అంటారు, ఇంటర్వ్యూలో పక్కాగా అడిగేదే. డౌటుంటే బి లో నల్ (అంటే ఏ ఆబ్జెక్టూ లేదని) పెట్టి పిలువు, నల్ పాయింటర్ ఎక్సెప్షన్ కూడా రాదు.

గాజువాక_కుర్రోడు:
అమ్మ బాబోయ్ నల్ పెట్టినా నిక్షేపంగా 10 వచ్చింది 😀

పెందుర్తి_పీహెచ్‌పీ:
మా పీహెచ్‌పీలో ఇంకో తిరకాసు ఉంది. పేరెంట్‌లోని స్టాటిక్ మెథడ్ లోపల్నుంచి ఛార్జీని సెల్ఫ్‌తో (అంటే ఆ కోడ్ రాసున్న క్లాస్‌తోనే) పిలిస్తే, బయట సిటీబస్ పేరుతో మొదలెట్టినా సరే పేరెంట్ ఛార్జీయే వస్తుంది, అదే సెల్ఫ్ బదులు స్టాటిక్ అని రాస్తే చైల్డ్‌ది. లేట్ స్టాటిక్ బైండింగ్ అంటారు, 2009లో 5.3 వెర్షన్‌తో వచ్చింది. పైథాన్‌లో అయితే క్లాస్‌మెథడ్ పెట్టి సీఎల్ఎస్ (ఏ క్లాస్ పేరుతో మొదలెట్టామో ఆ క్లాస్) మీద పిలిస్తే సరిపోతుంది. జావాలో ఇలాంటిది లేదు.

రుషికొండ_బ్యాకెండ్:
అవును లేదు. నన్నడిగితే ఆబ్జెక్ట్ మీద స్టాటిక్ పిలవనివ్వడమే జావా చేసిన తలనొప్పి పని, సీషార్ప్‌లో అలా రాస్తే కంపైల్ ఎర్రరే. తమ్ముడూ, బస్సుని బట్టి ఛార్జీ మారేట్టయితే స్టాటిక్ తీసెయ్, లేదంటే క్లాస్ పేరుతోనే పిలువు.

గాజువాక_కుర్రోడు:
సరే అన్నా. పేరెంట్‌లో మామూలుగా ఉంచి చైల్డ్‌లో మాత్రం స్టాటిక్ పెడితే?

రుషికొండ_బ్యాకెండ్:
కంపైల్ అవదు. తిరగేసి పెట్టినా అవదు.