ఒకటో తరగతి పిల్లలకు వయసు వచ్చేదాకా ఆగాలా, పట్టుబట్టి నేర్పాలా?

ప్రశ్న అడిగినవారు (డిగ్రీ విద్యార్థి)

మా బస్తీలో సాయంత్రం పూట ఇద్దరు పిల్లలకు చదువు చెబుతున్నాను. పాపకు ఆరేళ్లు ఈమధ్యే నిండాయి, ఒకటో తరగతి. బాబుకు ఏడున్నర, రెండో తరగతి. మొన్న చింతగింజలు ఆరేసి చొప్పున రెండు వరుసలు పేర్చి, రెండూ సమానమేనా అని పాపను అడిగాను. సమానమే అంది. తన కళ్ల ముందే ఒక వరుసలోని గింజలను ఎడంగా జరిపి మళ్లీ అడిగాను. "దీంట్లో ఎక్కువ ఉన్నాయి అన్నా" అని పొడుగు వరుస చూపించింది. పక్కనున్న బాబు వెంటనే "నువ్వు దూరం జరిపావు, అంతే కదా!" అన్నాడు.

స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త పియాజే ఇలాంటి పరీక్షలే చేశారని, ఏడేళ్ల ప్రాంతంలో ఈ మార్పు వస్తుందని చదివాను. మరి ఇప్పుడే పాపతో కూడికలు చేయించడం తప్పా? వాళ్లమ్మగారేమో రోజూ రెండు పేజీలు రాయించమంటున్నారు.

విశ్రాంత ఉపాధ్యాయురాలు

రెండు పేజీలు వద్దు బాబూ. నేను ఏళ్ల తరబడి ఒకటో తరగతికే చెప్పాను. మణికట్టులో 8 చిన్న ఎముకలుంటాయి. ఆరేళ్లకు అవన్నీ గట్టిపడవు. చివరిది గట్టిపడడం మొదలయ్యేదే ఎనిమిదేళ్లు దాటాక. పలక నిండా పెద్ద 'అ' చక్కగా దిద్దే పిల్ల, నోటు పుస్తకంలో గీతల మధ్య ఇరికించమంటే పెన్సిల్ ముక్కు విరిగేలా నొక్కుతుంది. దాన్ని మనం బద్ధకం అంటాం. అక్షరం అద్దంలో చూసినట్టు తిరగబడినా ఈ వయసులో కంగారు పడనక్కరలేదు.

2020 జాతీయ విద్యా విధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా, అంటే రెండో తరగతి ముగిసేవరకు, ఒకే పునాది దశగా చూసింది. అదే ఏడాది వచ్చిన బడి సంచుల విధానం రెండో తరగతి వరకు ఇంటిపని వద్దంది. ఇసుకలో దిద్దించండి, కథ చెప్పించండి. వయసు వస్తే రాత వస్తుంది.

ఒక తల్లి

అమ్మా, మీ అనుభవం ముందు నేనెంత? కానీ "వయసు వస్తే వస్తుంది" అన్న మాట విని మా పెద్దవాడి విషయంలో నష్టపోయాను. రెండేళ్లు అదే చెప్పారు. ఇంట్లో వాచకం తీసి వేలు పెట్టి గడగడా చదివేవాడు, మేము మురిసిపోయేవాళ్లం. మూడో తరగతిలో ఒకరోజు బొమ్మ మీద చెయ్యి అడ్డం పెట్టి 'కాకి' చదవమన్నాను. చదవలేకపోయాడు. పేజీలన్నీ కంఠస్థం చేశాడు, గుణింతం ఒక్కటీ రాదు. కూలికి వెళ్లే ఇళ్లలో పక్కన కూర్చుని చూసేవారెవరు? ఆగమని చెప్పడం తేలిక, ఆగినందుకు అనుభవించేది మా పిల్లలు.

శిశు వికాసం బోధించే వ్యక్తి

ఆ తల్లి బాధలో న్యాయముంది. దశ తెలుసుకోవడం ఎలా నేర్పాలో చూసుకోవడానికి, నేర్పడం వాయిదా వేయడానికి కాదు. వాచకం మొత్తం అప్పజెప్పే పిల్లవాడికి జ్ఞాపకశక్తి ఉంది. 'కాకి'లోని 'కి' తీసి 'కిటికీ'లో వెతికించే మనిషి కావాలి. అది రాయకుండానే నేర్పవచ్చు, రోజూ నేర్పాలి కూడా.

చింతగింజల సంగతి. పియాజే చెప్పిన వయసులనే తుది తీర్పుగా తీసుకోకండి. 1970లలో స్కాట్లాండ్‌లో ఇద్దరు పరిశోధకులు ఇదే పరీక్షను మార్చి చేశారు. వరుసను పెద్దవాళ్లు కాకుండా ఒక అల్లరి ఎలుగుబంటి బొమ్మ వచ్చి చెదరగొడితే, చాలా ఎక్కువ మంది చిన్నపిల్లలు "సమానమే" అన్నారు. పెద్దవాళ్లు కావాలని జరిపి అదే ప్రశ్న మళ్లీ వేస్తే, మొదటి జవాబు తప్పేమో అని పిల్లలు అనుకుంటారు. మీ పాప కూడా లెక్క తప్పిందో, మీ ముఖం చూసి మాట మార్చిందో ఒక్కసారికే తేల్చలేం.

విశ్రాంత ఉపాధ్యాయురాలు

ఇది ఒప్పుకుంటాను. "వయసు వస్తే వస్తుంది" అని నేను రాత గురించి అన్నాను, చదవడం గురించి కాదు. ఆ తేడా ముందే చెప్పవలసింది. ఆ తల్లి విన్నది బహుశా నాలాంటి వారి నోటి మాటే.

ప్రశ్న అడిగినవారు

నిన్న మళ్లీ చూశాను. ఈసారి పాప చిన్న తమ్ముడు గింజల మీద పాకుతూ వచ్చి చెల్లాచెదురు చేశాడు. నేను కావాలని చేయించలేదు. "ఇప్పుడో?" అని అడిగితే వాడిని పక్కకు లాగి, "అన్నే ఉన్నాయి, వీడు పాడు చేశాడు" అంది. ఈ రోజు నుంచి కూడికలు గింజలతోనే చేయిస్తాను. వాళ్లమ్మగారి కోసం పలక మీద నాలుగు మాటలు, అంతే.

ఒక తల్లి

ఆ నాలుగు మాటలూ పాప చేత చదివించండి. బొమ్మ లేకుండా.