ట్రౌట్ కోసం నింఫ్ ఫ్లైలు: ఏ రంగులు, ఏ దారం వాడాలి?

మాది మిర్యాలగూడ. ఏప్రిల్‌లో హిమాచల్ వెళ్లి తీర్థన్ నదిలో బ్రౌన్ ట్రౌట్ చేపలు పట్టాలని ఉంది. ట్రౌట్‌కి చల్లటి నీళ్లు కావాలి, మన కృష్ణలో బతకదు. అందుకే ఇక్కడ పరీక్షించి చూసుకునే వీలు లేదు.

నింఫ్ ఫ్లైలు, అంటే నీటి పురుగుల పిల్లల్లా కనిపించేలా కొక్కేనికి ఈకలు, దారం చుట్టి చేసే ఎరలు, ఇంట్లోనే కడుతున్నా. 14, 16 నంబర్ కొక్కేలు. ఒంటికి రాలిన నెమలి ఈకల పోగులు, తోకకు నాటుకోడి ఈక, పైన చుట్టడానికి మోటర్ వైండింగ్ షాపులో దొరికే సన్నటి రాగి తీగ. ఈ తీగ నాకు బాగా నచ్చింది, మెరుపుతో పాటు కాస్త బరువు కూడా ఇస్తుంది.

చిక్కంతా పట్టు దారంతోనే. పోచంపల్లి నుంచి తెచ్చిన ఆలివ్ రంగు దారం చుట్టి గ్లాసు నీళ్లలో వేస్తే దాదాపు నల్లగా మారిపోతోంది. లేత రంగు దారం తీసుకోవాలా, లేక అడుగున తెల్ల దారం చుట్టి దానిమీద ఇదే వాడితే రంగు నిలుస్తుందా? పాలిస్టర్ దారానికి మారడం నాకు ఇష్టం లేదు, పట్టులో ఉన్న జీవం అందులో కనిపించదు.

ఇంకొకటి. మంచు కరిగి నీళ్లు మసకగా ఉంటే ముదురు గోధుమ రంగు మంచిదా, ఫ్లై తల దగ్గర నారింజ పూస పెట్టినది మంచిదా? టంగ్‌స్టన్ పూస ఇత్తడి కంటే రెండింతలకు పైగా బరువు, కానీ ధర ఎక్కువ. తీర్థన్ వడికి ఇత్తడి సరిపోతుందా? అక్కడ ట్రౌట్ పట్టినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.