చేతిరాత నోట్సు: విషయానికో పుస్తకమా, అన్నిటికీ ఒక్కటేనా?

అరఠావు:
అటకమీది అట్టపెట్టె సర్దుతుంటే నా నోటుపుస్తకాలు 14 బయటపడ్డాయి. అట్ట మీద "చదివినవి", "లెక్కలు", "ఆలోచనలు" అని ముచ్చటగా పేర్లు. లోపల నాలుగేసి పేజీలు, మిగతాదంతా తెలుపే. విషయానికో పుస్తకం నాకు అచ్చిరాలేదు. ఏదైనా తట్టినప్పుడు ఇది ఏ పుస్తకంలో రాయాలా అని తేల్చుకునేలోపు ఆ తట్టింది కాస్తా ఎగిరిపోతోంది. ఇకమీదట అన్నీ ఒకదాంట్లోనే, తేదీ వేసి వరసగా రాద్దామనుకుంటున్నా. తప్పేమైనా ఉందా?

రింగుఫైలు:
ఆర్నెల్లయ్యాక ఏదైనా వెతకండి, తెలుస్తుంది. విడికాగితాల మీద రాసి, చిల్లులు పొడిచి, విషయాన్నిబట్టి ఫైలులో గుచ్చుకోండి. రాసేటప్పుడు తేల్చుకోవాల్సింది ఏమీ ఉండదు, వారానికోసారి సర్దుకుంటే చాలు. డార్విన్ అంతటివాడే నోటుపుస్తకాల్లోంచి పేజీలు కోసి విషయాలవారీగా పెట్టుకున్నాడు.

చుక్కగీత:
వారానికోసారి సర్దుతారా? నిజం చెప్పండి.

రింగుఫైలు:
నెలకోసారి. సరే, రెండు నెలలకి.

పాతకలం:
అరఠావు గారూ, ఒకే పుస్తకం భేషుగ్గా ఉంటుంది, కాకపోతే సూచిక ఉండాలి. జాన్ లాక్ అనే ఆంగ్ల తత్వవేత్త 1686లో తన పద్ధతిని ఒక ఫ్రెంచి పత్రికలో అచ్చు వేయించాడు. రెండు పేజీల్లో 100 గళ్లు. విషయం పేరులో మొదటి అక్షరం, దాని తర్వాత వచ్చే మొదటి అచ్చు, ఈ రెండింటినీ బట్టి గడి. అందులో పేజీ నంబరు వేస్తాడు, అంతే.

ఇది చదివి నవ్వొచ్చింది, మనకు గుణింతమే ఉందిగా! నేను నిలువుగా హల్లులు, అడ్డంగా అ ఇ ఉ ఎ ఒ గీసుకున్నా. దీర్ఘాలు హ్రస్వాల్లోనే కలిసిపోతాయి. ఐ వెళ్లి ఎ లో, ఔ వెళ్లి ఒ లో. ఖ కూడా క లోనే. అచ్చుతో మొదలయ్యేవాటికి పైన ఒక వరస. నా "ని" గడిలో ఇప్పుడు 12, 47, 88 ఉన్నాయి. మొదటి రెండూ నిద్ర, మూడోది నీళ్ల ట్యాంకు. మూడు పేజీలు తిరగేయడానికి ఎంతసేపు పడుతుంది? ఒక్క హెచ్చరిక: "స" గడి ఇట్టే నిండిపోతుంది, దానికి రెండింతల చోటు వదలండి.

కార్డులపెట్టె:
సూచికతో దొరికేది మనం వెతికేదే. పక్కపక్కన పడి రెండు సంగతులు కలవాలంటే చీటీలే కావాలి. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త లూమాన్ దాదాపు 90,000 చీటీలు రాశాడు. ప్రతిదానికీ ఒక నంబరు. 12కి కొనసాగింపైతే 12ఎ అని దాని వెనకే దూర్చడం. నేను నంబర్లు లేకుండా మొదలుపెట్టా. ఓ రోజు రబ్బరుబ్యాండు తెగి మూడొందల చీటీలు నేలపాలు. ఇప్పుడు నంబరు వేయందే కలానికి మూత పెట్టను.

చుక్కగీత:
పుస్తకాలు రాయడమే పనిగా పెట్టుకున్నవాడికి 90,000 అవసరం. మనకెందుకండీ? చేత్తో రాసినప్పుడే సగం బుర్రకెక్కుతుంది, నోట్సు పని అక్కడితో సరి. ఈ సర్దుడంతా రాయకుండా తప్పించుకునే మార్గం.

పాతకలం:
బుర్రకెక్కేది సంగతి, అంకె కాదు. కిటికీ తెర కొలత రాసిన మూడో రోజుకే మర్చిపోయా. "కి" గడి చూస్తే 31లో ఉంది.

చుక్కగీత:
కొలతల వరకు ఒప్పుకుంటా.

అరఠావు:
రాత్రి కూర్చుని "ఆలోచనలు" పుస్తకంలోనే గళ్లు గీశా, ఎక్కువ ఖాళీ ఉన్నది అదే. (ఆలోచనలకు అంత కరువు!) 96 దాకా పేజీ నంబర్లూ వేశా. పాతవాటి అట్టల మీద అ, ఆ, ఇ అని వేసుకుంటూ పోతే 14కీ సరిగ్గా అం దాకా సరిపోయింది. గడిలో "ఈ-3" అని వేస్తే నాలుగో పుస్తకం, మూడో పేజీ అన్నమాట. చాలంటారా, లేక అన్నీ కొత్తదాంట్లోకి ఎత్తి రాయాలా?

పాతకలం:
ఎత్తి రాయకండి. రెండో పుస్తకం సగంలో విసుగొచ్చి కొత్తదీ వాటి పక్కనే అటకెక్కుతుంది. ఏదైనా వెతుకుతూ పాతది తెరిచినప్పుడు, ఆ ఒక్క పేజీనే గడిలో ఎక్కించండి.