బీపీ 146 అంటున్నారు: మాత్ర ఇప్పుడే మొదలుపెట్టాలా, మూడు నెలలు ఆగి చూడొచ్చా?

వేకువ_నడక:
నాకు 43 ఏళ్లు. షుగర్ లేదు, సిగరెట్ అలవాటు లేదు, మందు ఎప్పుడైనా ఒకసారి. పొద్దస్తమానం కూర్చుని చేసే ఉద్యోగం. ఏవో పరీక్షలకని వెళ్తే బీపీ 148/94 వచ్చింది. కొన్ని వారాలాగి మళ్లీ చూపిస్తే 146/92. డాక్టరుగారు రెండు ముక్కలు మాట్లాడి బిళ్ళ రాసిచ్చారు. మూడు నెలలు ఉప్పు తగ్గించి, నడిచి చూస్తానంటే "మీ ఇష్టం" అన్నారు గానీ, ముఖం మాత్రం అలా లేదు. ఇంట్లో మిషన్‌తో చూసుకుంటే 138, 136, ఒక్కోసారి 131 కూడా. మొదలుపెడితే ఇక జన్మంతా మింగాల్సిందేనని ఇంట్లోవాళ్ల భయం. ఆగితే లోపల ఏది దెబ్బతింటుందోనని నా భయం. తలనొప్పి, తలతిరుగుడు లాంటివి ఏమీ లేవు. మీరైతే ఏం చేసేవారు?

బిళ్ళవద్దు:
మొదలుపెట్టకండి. 2017లో అమెరికావాళ్లు బీపీ ఉందని తేల్చే గీతను 140/90 నుంచి 130/80కి దించారు. రాత్రికి రాత్రి అక్కడ బీపీ ఉన్నవాళ్ల సంఖ్య పెద్దల్లో మూడోవంతు నుంచి దాదాపు సగానికి ఎగబాకింది. జనం మారలేదు, గీత మారింది. మీకు 43, ఒంట్లో ఏ బాధా లేదు, ఇంట్లో 136. ఇది జబ్బా? బరువు తగ్గండి, నడవండి, ఉప్పు మానండి. బిళ్ళ ఎక్కడికీ పోదు, ఎప్పుడైనా వేసుకోవచ్చు.

మధ్యాహ్నపు_ఎండ:
"ఒంట్లో ఏ బాధా లేదు" అనే మాట చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది. మా నాన్నగారిదీ ఇదే పాట. బీపీ చూసినప్పుడల్లా 150 పైచిలుకు, ఆయనేమో మెట్లు చకచకా ఎక్కేవారు. నాకేంటి, గుండ్రాయిలా ఉన్నాననేవారు. పక్షవాతం వచ్చిన రోజు పొద్దున కూడా ఏ బాధా లేదు. ఇప్పుడు కుడిచేత్తో చొక్కా గుండీ పెట్టుకోలేరు, పెట్టబోతే ఒప్పుకోరు, అరగంట అలాగే ప్రయత్నిస్తారు. బాధ పెట్టదు కాబట్టే బీపీ ఇంతమందిని పడేస్తోంది. ప్రపంచంలో 30 నుంచి 79 ఏళ్ల మధ్యవాళ్లలో దాదాపు 140 కోట్లమందికి బీపీ ఉందనీ, వాళ్లలో సగానికి కాస్త తక్కువమందికి ఆ సంగతే తెలియదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మీకు తెలిసింది. తెలిశాక ఆగడం ఎందుకండీ?

లెక్కలతిక్క:
బిళ్ళవద్దు గారూ, గీత దించారన్నది నిజమే, సగం చెప్పి వదిలేశారు. ఆ 2017 మార్పు తర్వాత బీపీ ఉందని ముద్రపడ్డవాళ్లు 32 శాతం నుంచి 46 శాతానికి పెరిగారు. మందు వేసుకోమని చెప్పాల్సినవాళ్లు మాత్రం సుమారు 2 శాతమే పెరిగారు. ఎందుకంటే కొత్తగా గీతలోకి వచ్చినవాళ్లలో ఎక్కువమందికి వాళ్లు చెప్పింది అలవాట్లు మార్చుకోమనే. మందుల కంపెనీల కుట్ర అయితే చాలా నాసిరకం కుట్ర అన్నమాట.

ఇక 140 దాటినవాళ్ల సంగతి. ఇక్కడ పెద్దవాళ్లే ఒక మాట మీద లేరు. 2024 యూరప్ మార్గదర్శకాల ప్రకారం 140/90 నిర్ధారణ అయితే అలవాట్లూ మందూ రెండూ కలిపి మొదలుపెట్టాలి. బ్రిటన్‌లో నైస్ సంస్థ అలా అనదు. 140 నుంచి 159 మధ్య ఉండి, అవయవాలు దెబ్బతిన్న గుర్తులూ షుగరూ కిడ్నీ జబ్బూ గుండెజబ్బూ లేకపోతే, రాబోయే పదేళ్లలో గుండెపోటో పక్షవాతమో వచ్చే అవకాశం 10 శాతం దాటిందా అని చూస్తుంది. దాటితే మందు గురించి మాట్లాడమంటుంది. కాబట్టి వేకువ_నడక గారి ప్రశ్న మూర్ఖపు ప్రశ్నేం కాదు. ఆయన ఉన్నది సరిగ్గా ఆ వివాదం మధ్యలోనే.

వార్డుసిస్టర్:
అందరూ కొట్టుకునే ముందు ఒక్కటి అడుగుతాను బాబూ. ఆ 146 ఎలా చూశారు? నడిచొచ్చి కూర్చోగానే చూశారా? చొక్కా చేయి మీదే పట్టీ కట్టారా? వీపుకు ఆనుకోడానికి ఏమైనా ఉందా? కాలు మీద కాలు వేసుకున్నారా? చూస్తున్నప్పుడు మాట్లాడించారా?

ఎందుకడుగుతున్నానంటే వార్డులో ఇన్నేళ్లూ నేను చూసింది ఇదే. రద్దీగా ఉన్నప్పుడు మనిషి స్టూలు మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చుంటాడు, చేయి ఒళ్లో ఉంటుంది, పట్టీ బిగుస్తుండగానే మేం "ఏం పని చేస్తారు" అని అడుగుతాం, ఆయన జవాబు చెప్తాడు. అంకె కాగితం మీద పడిపోతుంది. జాన్స్ హాప్‌కిన్స్ వాళ్లు 2024లో కొలిచి చూపించారు: చేయి బల్లమీద గుండె ఎత్తులో కాకుండా ఒళ్లో పెట్టుకుంటే పై అంకె దాదాపు 4, పక్కన వేలాడేస్తే 6 పైన ఎక్కువ చూపిస్తుంది. పట్టీ సైజు ఇంకా ఘోరం. లావుచేతి మనిషికి చిన్న పట్టీ కడితే అంకె పెరుగుతుంది. రెండు సైజులు పెద్దది కావాల్సినవాళ్లకు మామూలు పట్టీ కడితే దాదాపు 20 వరకు ఎక్కువ చూపించింది. 20 అంటే 126 ఉన్నవాడు 146 అయిపోయినట్టే కదా!

ఇంకోటి. నొప్పి మాత్రలేమైనా వాడుతున్నారా? రాత్రి గురక ఉందా?

వేకువ_నడక:
సిస్టర్‌గారూ, మాట్లాడించారు, నిజమే. పట్టీ చొక్కా మీదే. నడుంనొప్పికి ఐబుప్రొఫెన్ తరచుగానే వేసుకుంటున్నాను, దానికీ బీపీకీ సంబంధం ఉంటుందని ఎవరూ చెప్పలేదు. గురక గురించి మా ఆవిడనడిగితే పెద్ద ఉపన్యాసమే ఇచ్చింది. మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడతానట.

వార్డుసిస్టర్:
అదీ సంగతి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ జాతి మాత్రలు ఒంట్లో ఉప్పునూ నీటినీ పట్టి ఉంచుతాయి, బీపీ పెంచుతాయి, కిడ్నీ మీదా భారం పడుతుంది. పారాసిటమాల్‌కి మారితే సరిపోతుందని అనుకోకండి. ఎడిన్‌బరోలో బీపీ ఉన్నవాళ్లకు రోజుకు 4 గ్రాముల చొప్పున ఇచ్చి చూస్తే పై అంకె 5 వరకు పెరిగిందని 2022లో తేలింది. అప్పుడప్పుడు ఒకటి వేసుకుంటే భయం లేదు, రోజూ అయితే ఆలోచించాలి. ఇక నిద్రలో ఊపిరి ఆగడం విడిగా చూపించుకోవాల్సిన జబ్బు. అది సరిచేయకుండా బీపీతో కుస్తీపడితే బీపీ లొంగదు. రెండూ డాక్టరుగారికి చెప్పండి. ఆయన అడగలేదని మీరు మానొద్దు.

బిళ్ళవద్దు:
చూశారా! ఒక మాత్ర పెంచిన బీపీకి ఇంకో మాత్ర రాశారు. నేను చెప్పింది ఇదే కదా.

మధ్యాహ్నపు_ఎండ:
కాదు, మీరు చెప్పింది "ఇది జబ్బా?" అని. ఐబుప్రొఫెన్ ఊసు సిస్టర్‌గారు ఎత్తేదాకా మీకు తట్టలేదు. మీ గెలుపు ఎక్కడుందో నాకైతే కనిపించడం లేదు.

ఉప్పుగల్లు:
అలవాట్లతో ఎంత తగ్గుతుందో అంకెలతో మాట్లాడుకుంటే మంచిది. ఒక్కో కిలో బరువుకు పై అంకె సుమారు 1 తగ్గుతుంది. వారంలో చాలా రోజులు చెమటపట్టేలా నడిస్తే 5 నుంచి 8. ఉప్పు బాగా తగ్గిస్తే 5 దాకా. పళ్లు, కూరగాయలు, పొట్టుతీయని ధాన్యాలు, కొవ్వు తక్కువ పాలపదార్థాలు ఎక్కువగా ఉండే డ్యాష్ భోజనంతో బీపీ ఉన్నవాళ్లలో 11 వరకు తగ్గిందని 1997లోనే చూపించారు. అన్నీ కలిపి కూడేసి 25 తగ్గుతుందనుకోవద్దు, అలా కూడవు. అయినా మాత్ర ఒకటి తగ్గించేంత తగ్గుతుంది, ఇది చిన్న విషయం కాదు.

ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చెంచాకు కాస్త తక్కువ. అది పైన చల్లుకునే ఉప్పు కాదు, అన్నిటిలో కలిపి. ప్యాకెట్ తిండి ఎక్కువ తినేవాళ్లకు చల్లుకునేది మానినా పెద్దగా తేడా రాదు, ఉప్పంతా ప్యాకెట్‌లోనే ఉంటుంది. చైనా పల్లెల్లో దాదాపు 21 వేలమంది మీద ఒక పెద్ద అధ్యయనం చేశారు, ఫలితాలు 2021లో వచ్చాయి. మామూలు ఉప్పు బదులు నాలుగోవంతు పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు వాడించారు, పక్షవాతం 14 శాతం తగ్గింది. ఒక్క హెచ్చరిక: కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, ఒంట్లో పొటాషియం పెంచే మందులు వాడేవాళ్లు ఆ ఉప్పు జోలికి వెళ్లొద్దు, ప్రాణాల మీదికి వస్తుంది.

తూగుడుమంచం:
మా అమ్మగారి విషయం చెప్తాను, అది ఇంకో వైపు కథ. ఆవిడకు ఎనభై దాటాయి. అంకె దించాలని మందు మీద మందు చేర్చుకుంటూ పోయారు. పడుకుని లేచేసరికి కళ్లు తిరిగేవి, ఒకరోజు గోడ పట్టుకోబోయి కింద పడింది, తుంటి విరిగింది. కూర్చున్నప్పుడు చూస్తే అంకె బ్రహ్మాండంగా ఉంది మరి. లేచి నిలబడ్డాక చూసిన పాపాన ఎవరూ పోలేదు. మాత్ర దేవుడు అనేవాళ్లు ఇది కూడా వినాలి.

లెక్కలతిక్క:
వినాల్సిందే. 2015లో వచ్చిన స్ప్రింట్ అధ్యయనం రెండు వైపులవాళ్లూ ఎత్తుకునే ఆయుధం, అందులో ఈ గొడవంతా ఉంది. 50 దాటి గుండెజబ్బు ముప్పు ఎక్కువున్న 9,361 మందిని తీసుకుని, సగం మందికి పై అంకె 120 లోపు, మిగతావాళ్లకు 140 లోపు ఉంచారు. గుండెపోటు, పక్షవాతం, గుండె వైఫల్యం, గుండెజబ్బుతో మరణం లాంటివి కలిపి ఏడాదికి వందమందిలో 2.19 నుంచి 1.65కి తగ్గాయి. "పాతిక శాతం తగ్గింది" అని చెప్పొచ్చు. "61 మంది మూడేళ్లకు పైగా ఆ పని చేస్తే ఒకరికి మేలు" అనీ చెప్పొచ్చు. రెండూ నిజాలే, ఎవరికి కావాల్సింది వాళ్లు పట్టుకుంటారు. బీపీ మరీ పడిపోవడం, స్పృహ తప్పడం, కిడ్నీ ఉన్నట్టుండి దెబ్బతినడం 120 గుంపులో ఎక్కువ. షుగర్ ఉన్నవాళ్లనూ పక్షవాతం వచ్చినవాళ్లనూ అందులో చేర్చుకోలేదు. కొలిచింది కూడా అయిదు నిమిషాలు నిశ్శబ్దంగా కూర్చోబెట్టి, మిషన్‌తో. వార్డుసిస్టర్ గారు చెప్పిన స్టూలు మీద తీసిన 120కీ దానికీ పోలిక లేదు.

వేకువ_నడక గారికి 43. ఆయన ఈ అధ్యయనంలోకే రారు. ఆయనకు పనికొచ్చేది వేరే లెక్క: 40 నుంచి 69 ఏళ్ల మధ్య, 115/75 నుంచి మొదలుపెట్టి పై అంకె 20 పెరిగిన ప్రతిసారీ పక్షవాతంతోనో గుండెజబ్బుతోనో చనిపోయే ముప్పు రెట్టింపవుతుందని పది లక్షలమంది వివరాలు కలిపి 2002లో తేల్చారు. ముప్పు అకస్మాత్తుగా 140 దగ్గర పుట్టుకురాదు. అలాగని మూడు నెలల్లో కొంప మునగదు. మూడేళ్లు నిర్లక్ష్యం చేస్తేనే ప్రమాదం, చాలామంది చేసేదీ అదే.

మధ్యాహ్నపు_ఎండ:
నా గొడవ కూడా ఈ చివరి వాక్యమే. "మూడు నెలలు చూస్తాను" అన్నవాళ్లలో నాలుగో నెల మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లినవాళ్లు ఎందరు? మా నాన్నగారు ఇరవై ఏళ్లపాటు మూడు నెలలు చూశారు.

బిళ్ళవద్దు:
ఆ మాట ఒప్పుకుంటాను. కానీ మొదలుపెడితే మానలేం అన్నది కూడా నిజమే కదా? ఆ భయానికి జవాబు చెప్పండి.

వార్డుసిస్టర్:
బీపీ బిళ్ళకు ఒళ్లు బానిస అవదు బాబూ. వేసుకున్నంత కాలం పనిచేస్తుంది, మానితే బీపీ తన పాత చోటికి పోతుంది, అంతే. వయసు మళ్లినవాళ్లలో మందుతో బీపీ అదుపులో ఉన్నవాళ్లకు ఆ మందు ఆపి చూసిన అధ్యయనం ఉంది. ఉప్పూ బరువూ రెండూ తగ్గించినవాళ్లలో మందు లేకుండా నిలబడినవాళ్లు సగం లోపే, ఏమీ మార్చుకోనివాళ్లలో ఇంకా చాలా తక్కువ. కొందరికి తీసేయొచ్చు, అందరికీ కాదు. అయితే అటెనొలాల్ జాతివీ, క్లోనిడీన్ లాంటివీ ఠక్కున ఆపితే బీపీ, గుండెదడ ఎగదన్నుతాయి. అందుకే సొంతంగా మానొద్దంటాం. ఎమ్లోడిపిన్‌తో చీలమండలు వాచినా, రామిప్రిల్‌తో పొడిదగ్గు పట్టినా డబ్బా మూలన పడేయకండి, చెప్తే మారుస్తారు. పొడిదగ్గును జలుబనుకుని నెలల తరబడి దగ్గుమందు తాగినవాళ్లను చూశాను.

మీ విషయానికి వస్తే: మూత్రానికి వెళ్లొచ్చి, కాఫీ తాగి అరగంటైనా అయ్యాక, వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి, అయిదు నిమిషాలు నోరు మూసుకుని కూర్చోండి. పట్టీ ఒట్టిచేతికి. పొద్దున రెండు సార్లు, సాయంత్రం రెండు సార్లు, నిమిషం తేడాతో. అలా వారం రోజులు, మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు తీయండి. ఇంట్లో 135/85 అంటే ఆసుపత్రిలో 140/90తో సమానం. మీరు రాసిన 138, 136, 131 ఆ గీత దగ్గరే అటూ ఇటూ ఆడుతున్నాయి, ఇంట్లో బాగుందని ధీమా పడొద్దు. 131 వచ్చినప్పుడు రాసుకుని 141 వచ్చినప్పుడు "మిషన్ సరిగా లేదు" అనుకునే అలవాటు మీకు లేదుగా?

వేకువ_నడక:
141 వచ్చిందని మీకెలా తెలుసు!

వార్డుసిస్టర్:
అందరికీ వస్తుంది, ఎవరూ రాయరు. పై అంకె 180 దాటో, కింది అంకె 120 దాటో, దాంతోపాటు గుండెల్లో నొప్పి, ఆయాసం, మాట తడబడడం, చేయి లాగడం ఏది ఉన్నా సగటులు తీయకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. ఈ లక్షణాలుంటే అంకె ఎంతైనా సరే వెళ్లాల్సిందే.

లెక్కలతిక్క:
ఇంకొకటి. ఆగాలా వద్దా తేల్చేవి ఈసీజీ, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష), మూత్రంలో అల్బుమిన్ (కిడ్నీ దెబ్బతింటే మూత్రంలోకి కారే ప్రొటీన్), కొలెస్టరాల్, షుగర్. గుండె గోడ మందమైన గుర్తో, మూత్రంలో అల్బుమినో కనిపిస్తే ఈ చర్చంతా పక్కనపెట్టి మాత్ర మొదలుపెట్టండి, అప్పుడు బ్రిటన్ మాటా యూరప్ మాటా ఒకటే. అవి శుభ్రంగా ఉంటే నడుంనొప్పికి ఇంకో దారి, గురకకు పరీక్ష, ఉప్పు, నడక, మళ్లీ చూపించుకునే తేదీ. తేదీ డాక్టరుగారి దగ్గరే రాయించుకోండి.

వేకువ_నడక:
క్రియాటినిన్ బాగుంది. ఈసీజీ తీశారు, మామూలే అన్నారు. అల్బుమిన్ చూడలేదు, అడుగుతాను. ఐబుప్రొఫెన్ ఇవాళే ఆపాను. వారం సగటు తీసుకుని ఆయన దగ్గరికే వెళ్తాను.

మధ్యాహ్నపు_ఎండ:
వెళ్లండి. సగటు 135 దాటి ఆయన మళ్లీ అదే బిళ్ళ రాస్తే మాత్రం ఇక్కడికొచ్చి రెండోసారి ఓటింగ్ పెట్టకండి.

బిళ్ళవద్దు:
పెట్టండి. నా ఓటు ఎటో మీకు తెలుసు.