వారానికి ఒక్క ‘గ్లోబల్ ఎడ్యుకేషన్’ పీరియడ్: జెండాలు, వేషాలు కాకుండా ఏం చెప్పొచ్చు?

ఆదోని_సోషల్:

అందరికీ నమస్తే. ఆదోని దగ్గర ఒక ప్రైవేటు హైస్కూల్లో సోషల్ చెప్తాను. ఈ ఏడు 8, 9 తరగతులకి వారానికి ఒక పీరియడ్ ‘గ్లోబల్ ఎడ్యుకేషన్’ అని టైంటేబుల్లో వేసినారు. పుస్తకం లేదు, సిలబస్ లేదు, ఖర్చు పెట్టడానికి డబ్బుల్లేవు. 2024 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) అనే అంతర్జాతీయ విద్యా సంస్థతో ఒప్పందం చేసుకున్నప్పుడు ఏదైనా నమూనా పాఠం వస్తుందేమో అనుకున్నాం, ప్రభుత్వం మారినాక అది పక్కకి పోయింది.

మామూలుగా ఏం చేస్తారో మీకూ తెలుసు. అక్టోబరు 24న, ఐక్యరాజ్యసమితి దినం అని, పిల్లలకి తలా ఒక దేశం వేషం, చార్టు మీద జెండాలు, రాజధానుల క్విజ్, ఫొటోలు వాట్సాప్ గ్రూపులో. అది నాకొద్దు. మూడు విషయాలు అడుగుతున్నా:

ఒకటి, 45 నిమిషాల్లో, చేత్తో చేసి చూపించగలిగే పాఠాలు ఏమైనా ఉన్నాయా? రెండు, విదేశీ బడితో ఆన్‌లైన్‌లో కలిపిస్తే లాభముంటుందా? మూడు, ‘గ్లోబల్ అంటే అమెరికా పోవడమే కదా, ఆ పీరియడ్ ఐఐటీ ఫౌండేషన్‌కి ఇవ్వండి’ అనే తల్లిదండ్రులకి ఏం చెప్పాలి?

లెక్కల_అయ్యోరు (కర్నూలు):

సార్, ఆదోనిలో ఉండి ప్రపంచాన్ని వెతుక్కోవడమేంది! మీ మార్కెట్ యార్డు గేటు దగ్గరే ఉంది. పత్తితో నాలుగు పీరియడ్లు నడపండి.

మొదటి పీరియడ్. పిల్లల ఇళ్ళ నుంచి వంద గ్రాముల పత్తి తెప్పించండి, గింజ తియ్యనిది. ఒక్కడే వంద గ్రాములు ఒలవాలంటే పీరియడ్ చాలదు, అందుకే అయిదు గుంపులకి తలా 20 గ్రాములు. గింజ వేరు, దూది వేరు చేసి ఒక గ్రాము తేడా కూడా చూపించే చిన్న డిజిటల్ కాటా మీద తూచాలి. అయిదు గుంపులవీ కలిపితే దూది 33 నుంచి 36 గ్రాములు రావాలి. నలభై వచ్చిందంటే గింజకి అంటుకున్న పీచు గీకి దూదిలో వేసినారనో, ఆకు ముక్కలు కలిసినాయనో అర్థం. పత్తి ముందురోజు ఎండబెట్టి ఉండాలి. యార్డులో కూడా తేమే గొడవ: సీసీఐ (మద్దతు ధరకి పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ) 8 శాతం తేమకి పూర్తి ధర ఇస్తుంది, 12 దాటితే కొనదు. పిల్లలు ఇంట్లో వినే ‘తేమ కొట్టేసినారు’ అన్న మాట వెనక ఉన్న లెక్క ఇదే.

రెండో పీరియడ్ అంతా కొలతలే. మన రైతు క్వింటాల్లో మాట్లాడతాడు. గింజ తీసే జిన్నింగ్ మిల్లు బేళ్ళలో మాట్లాడుతుంది, బేలంటే 170 కిలోల దూది. స్పిన్నింగ్ మిల్లువాళ్ళకి కాండీ, అది సుమారు 356 కిలోలు. న్యూయార్కు వాయిదా మార్కెట్టుకి పౌను, ధర సెంట్లలో. ఒక పౌను 0.4536 కిలో. ఒక బేలుకి ఎన్ని క్వింటాళ్ళ పత్తి కావాలి అని అడగండి. 34 శాతం దూది చొప్పున సరిగ్గా 5 వస్తుంది.

మూడో పీరియడ్ అసలైంది. న్యూయార్కు ధర 65 సెంట్లు, డాలరు 88 రూపాయలు అనుకుందాం (ఆ రోజు పేపర్లో ఉన్న రేటు తీసుకోండి). 65ని 2.2046తో హెచ్చిస్తే కిలో దూది 143.3 సెంట్లు. క్వింటాలు పత్తిలో 34 కిలోల దూది, అంటే 48.72 డాలర్లు, అంటే సుమారు 4,287 రూపాయలు. గింజలు 64 కిలోలు, కిలో 35 అనుకుంటే 2,240. మిగతా రెండు కిలోలు చెత్త, దుమ్ము. మొత్తం 6,527. ఇప్పుడు బోర్డు మీద 2025-26 మద్దతు ధర రాయండి: పొడవు పింజ (పీచు పొడవుగా ఉండే రకం) పత్తికి క్వింటాలు 8,110 రూపాయలు. తేడా పిల్లలే తీస్తారు. ‘మరి బయటివాడు 8,110 ఎందుకు ఇస్తాడు సార్?’ అనే ప్రశ్న వాళ్ళ నోటి నుంచే వస్తుంది. సీసీఐ కేంద్రం ముందు ట్రాక్టర్లు బారులు తీరడానికి కారణం చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు.

ఇక్కడ ఎక్కువగా తప్పేది ఒకచోటే. పత్తి ధరని నేరుగా దూది ధరతో పోలుస్తారు. మధ్యలో గింజ ఉందని మరిచిపోతారు. రెండింటికీ రెండు రంగుల సుద్దముక్కలు వాడండి.

నాలుగో పీరియడ్లో వాదన. దూది దిగుమతి మీద 11 శాతం సుంకం 2021 నుంచి ఉంది. 2025 ఆగస్టు 19 నుంచి ఆ ఏడాది చివరిదాకా దాన్ని ఎత్తేసినారు. ఆదోని రైతు, తిరుప్పూరు బనియన్ల ఫ్యాక్టరీ, అందులో కుట్టుపని చేసే మనిషి, అమెరికా పత్తి రైతు, ఇట్లా నలుగురికి నాలుగు గుంపులు. ఒక్క షరతు: ప్రతి గుంపూ కనీసం ఒక అంకె చూపించి మాట్లాడాలి. ఆ షరతు పెట్టకపోతే అయిదు నిమిషాల్లో అది సినిమా డైలాగుల పోటీ అయిపోతుంది, మిల్లు యజమాని విలన్ అయిపోతాడు.

అనంత_జాగ్రఫీ:

అయ్యోరు పత్తి చెప్పినారు కాబట్టి నేను వానతో వస్తా. ఇది మన జిల్లాల్లో ఎక్కడైనా పనికొస్తుంది.

ముందు ఊహించమనండి: అనంతపురం, లండన్, మాడ్రిడ్, ఈ మూడింట్లో ఏడాదికి ఎక్కువ వాన ఎక్కడ? క్లాసంతా లండన్, తర్వాత మాడ్రిడ్ అంటుంది. అనంతపురం సగటు సుమారు 550 మిల్లీమీటర్లు. లండన్‌ది 600 దగ్గర. మాడ్రిడ్‌ది మనకంటే తక్కువ, 430 ప్రాంతం. మరి కరువు సీమ మనదెందుకైంది?

గ్రాఫు కాగితం మీద నెలవారీ వాన గీయించండి, ఒక సెంటీమీటరుకి 20 మిల్లీమీటర్లు. లండన్ బొమ్మ పన్నెండు నెలలూ దాదాపు ఒకే ఎత్తులో ఉంటుంది. మనది జనవరి నుంచి మార్చి దాకా నేలకి అంటుకుని, సెప్టెంబరులో ఒక్కసారి పైకి లేస్తుంది. స్కేలు మాత్రం అన్నిటికీ ఒకటే ఉండాలని గట్టిగా చెప్పండి. ఏ గుంపుకి ఆ గుంపు కాగితం నిండేలా స్కేలు మార్చుకుంటే పోలికే పోతుంది.

రెండో భాగం ఆవిరి. 30 సెంటీమీటర్ల వెడల్పున్న స్టీలు పళ్ళేలు రెండు, ఒక్కోదాంట్లో 500 మిల్లీలీటర్ల నీళ్ళు. ఒకటి ఎండలో, ఒకటి వేపచెట్టు కింద. నాలుగు గంటల తర్వాత కొలజాడీలో పోసి చూడాలి. ఆ పళ్ళెం వైశాల్యం సుమారు 707 చదరపు సెంటీమీటర్లు, కాబట్టి 71 మిల్లీలీటర్లు తగ్గితే ఒక మిల్లీమీటరు ఆవిరైనట్టు. స్టీలు వేడెక్కి అసలు కంటే ఎక్కువ చూపిస్తుంది. అందుకని చెరువులో ఇంత పోతుందని తేల్చెయ్యకుండా ఎండకీ నీడకీ ఉన్న తేడా మాత్రం చూడమనండి. పైన వల కప్పండి, కాకులొస్తాయి.

ఇక విదేశీ బడి సంగతి. అనంతపురం జిల్లాకి స్పెయిన్‌తో పాత బంధం ఉంది, స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే సేవా సంస్థ మొదలుపెట్టినప్పటి నుంచి. కాబట్టి స్పెయిన్‌నే ఉదాహరణగా తీసుకుంటా. మన మధ్యాహ్నం 2 గంటలు వాళ్ళకి చలికాలంలో పొద్దున 9:30, ఎండాకాలంలో 10:30. మార్చి, అక్టోబరు నెలల చివరి ఆదివారం వాళ్ళు గడియారం మారుస్తారు. కాల్స్ తప్పిపోయేది సరిగ్గా ఆ వారాల్లోనే. టైము ఎప్పుడూ రెండు దేశాలదీ పక్కపక్కనే రాసి పంపండి. సెలవులు కూడా కలవవు: వాళ్ళ బడి జూన్ చివర మూస్తే సెప్టెంబరులో తీస్తారు, మనది ఏప్రిల్ చివర మూస్తే జూన్ మధ్యలో. దసరా, క్రిస్మస్, సంక్రాంతి తీసేస్తే సెప్టెంబరు మధ్య నుంచి ఏప్రిల్ మధ్య వరకే చేతిలో ఉంటుంది.

నా అభిప్రాయంలో మొదటి ఏడాది లైవ్ కాల్ వద్దు. నలభై మంది ఒక తెర ముందు కూచుంటే ఇద్దరు మాట్లాడతారు, మిగతావాళ్ళు చేతులూపుతారు. దాని బదులు రెండు బళ్ళూ ఒకే ప్రశ్న మీద పని చేసి ఫలితం పంపుకోవాలి. ‘మీ హాబీ ఏంటి’ లాంటివి రెండో ఉత్తరానికే చచ్చిపోతాయి. ‘మీ ఇంట్లో ఒక రోజుకి మనిషికి ఎన్ని లీటర్ల నీళ్ళు వాడతారు’ అని అడిగితే రెండు వైపులా కొలవాలి. ఇక్కడ బిందె లెక్క, అక్కడ మీటరు లెక్క. మన బిందె ఎన్ని లీటర్లో ముందు సీసాతో పోసి తేల్చుకోండి, ఇంటికొక సైజు ఉంటుంది.

పిల్లల ముఖాలు, పూర్తి పేర్లు పంపొద్దు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం ప్రకారం 18 లోపు వాళ్ళ వివరాలకి తల్లిదండ్రుల అనుమతి కావాలి. తెలుగులో ఒక పేజీ అనుమతి పత్రం, సంతకం, ఫైల్లో పెట్టుకోండి. చేతులు, కాటా, గ్రాఫు మాత్రమే కనిపించే వీడియో రెండు నిమిషాలు చాలు.

రాయచోటి_రోడ్డు:

పైవన్నీ బాగున్నాయి గానీ, కడప వైపు బడి అయితే మొదటి పాఠం కువైటే. రాజంపేట, రాయచోటి పల్లెల్లో ఏ వీధిలో చూసినా గల్ఫ్ పోయిన ఇల్లు కనిపిస్తుంది. పిల్లోళ్ళకి డాలరు కంటే ముందు దినారు తెలుసు. మనం మాత్రం గ్లోబల్ అనంగానే న్యూయార్కు బొమ్మ పెడతాం.

ఏం చెప్పొచ్చంటే, పాస్‌పోర్టు. పదో తరగతి పాస్ కానివాళ్ళకి సాధారణంగా ఈసీఆర్ పాస్‌పోర్టు (పనికి పోయే ముందు ప్రభుత్వ అనుమతి కావాలి అన్న ముద్ర ఉన్నది) వస్తుంది. దాంతో కువైట్ లాంటి దేశాలకి పనికి పోవాలంటే ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్ ద్వారా ఆ అనుమతి ఉండాలి. ఆ పాస్‌పోర్టుతో ఇంటిపనికి పోయే ఆడవాళ్ళకి కనీసం 30 ఏళ్ళు నిండాలి. పది పాసైతే ఈ ముద్ర ఉండదు. విజిట్ వీసా మీద పంపిస్తానని ఏజెంటు అన్నాడంటే ఈ అనుమతిని తప్పించుకుంటున్నాడని అర్థం. అట్లా పోయిన మనిషికి జీతం ఆగితే చూపించుకోవడానికి కాంట్రాక్టు ఉండదు.

తర్వాత ఒక ఉత్తుత్తి కాంట్రాక్టు కాగితం మీరే రాసి పిల్లలకివ్వండి, అందులో నాలుగు తప్పులు పెట్టండి. కువైట్‌లో 2015లో వచ్చిన ఇంటిపనివాళ్ళ చట్టం ప్రకారం రోజుకి 12 గంటలకి మించి పని ఉండకూడదు, వారానికొక సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో సెలవు, పని ముగిసినాక ఏడాదికి ఒక నెల జీతం ఇవ్వాలి. కాగితంలో 14 గంటలు, సెలవు లేదు అని రాసి తప్పులు పట్టమనండి. ప్రవాసీ భారతీయ బీమా గురించి కూడా చెప్పండి: రెండేళ్ళకి 275 రూపాయలు, మూడేళ్ళకి 375, పది లక్షల బీమా.

ఒక్క హెచ్చరిక. ‘మీ ఇంట్లో ఎవరు కువైట్లో ఉన్నారు, చేతులెత్తండి’ అని ఎప్పటికీ అడగొద్దు. ఎవరి వీసా ఎట్లా ఉందో, ఎవరి అమ్మ ఎన్నేళ్ళుగా రాలేదో మనకి తెలీదు. వివరాలన్నీ కాగితం మీది మనిషివే కావాలి.

ముగ్గురాయి (బెరైటీస్) పాఠం కూడా మంచిదే. మంగంపేట ముగ్గురాయి నూనె బావులు తవ్వేటప్పుడు వాడే బురదలో కలుపుతారు, బరువు ఎక్కువ కాబట్టి. స్ప్రింగ్ కాటాతో గాలిలో ఒకసారి, నీళ్ళలో ముంచి ఒకసారి తూచండి. గాలిలో బరువుని, తగ్గిన బరువుతో భాగిస్తే మంచి రాయికి 4 దాటుతుంది, నాపరాయికి 2.7 దగ్గర ఆగుతుంది. రాయి బకెట్ అడుగుకి తగలకూడదు.

ఆదోని_సోషల్:

చాలా థ్యాంక్స్. వచ్చే సోమవారం పత్తితోనే మొదలుపెడతా. ఇంకా మిగిలింది తల్లిదండ్రులు, మార్కులు. దీనికి ఏ లెక్కన మార్కులెయ్యాలి? ఇది మేం కల్పించుకున్నది కాదు, ఎక్కడో ఆధారముంది అని కూడా చూపించాలి.

లెక్కల_అయ్యోరు (కర్నూలు):

ఆధారం కావాలంటే రెండు చాలు. ఐక్యరాజ్యసమితి 2015లో పెట్టుకున్న సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో 4.7 ఇదే. ఇదే విషయం మీద 1974లో యునెస్కో చేసిన సిఫారసుని 2023 నవంబరులో కొత్తగా రాసినారు. అయితే ఇవి కరస్పాండెంట్ ఫైలు కోసమే, తల్లిదండ్రుల ముందు తియ్యొద్దు.

మార్కులకి పీసా (15 ఏళ్ళ పిల్లలకి చాలా దేశాల్లో పెట్టే అంతర్జాతీయ పరీక్ష) 2018లో ‘గ్లోబల్ కాంపిటెన్స్’ కింద చూసిన నాలుగు అంశాలు తీసుకోండి, ఒక్కోదానికి 5: మన ఊరి విషయాన్నీ ప్రపంచ విషయాన్నీ పరిశీలించడం, అవతలివాళ్ళ కోణం అర్థం చేసుకోవడం, వేరే నేపథ్యం ఉన్నవాళ్ళతో మాట్లాడగలగడం, నలుగురి మేలు కోసం ఏదైనా చెయ్యడం. నాలుగోదానికి మార్కులెయ్యడం నాకు నచ్చదు, పిల్లలు నటిస్తారు. దాని బదులు లెక్క సరిగా చేసినారా అని పెట్టుకోండి. రాతపని ఎఫ్‌ఏ (ఏడాది మధ్యలో వేసే ఫార్మేటివ్ మార్కులు)లో ప్రాజెక్టు కింద చూపిస్తే టీచర్లకీ రెండో పని తగ్గుతుంది.

ఐఐటీ ఫౌండేషన్ తల్లిదండ్రులకి మూడో పీరియడ్ నోటుపుస్తకం చూపించండి. యూనిట్ల మార్పిడి, శాతాలు, మారకం రేటు అన్నీ అందులోనే ఉన్నాయి. అమెరికా పోవాలనుకునే పిల్లోడికీ పౌను, డాలరు లెక్కలు రావాల్సిందే కదా.

అనంత_జాగ్రఫీ:

కాటాకి బ్యాటరీలు ముందురోజే చూసుకోండి సార్. ఫ్యాను కట్టెయ్యండి, లేకపోతే ఒలిచిన దూది క్లాసంతా ఎగురుతుంది.