గెట్ అంటే పొందడమేనా?

ప్రశ్న: డిక్షనరీలో గెట్‌కి మొదటి అర్థం ‘పొందు’. మరి ‘ఇట్ ఈజ్ గెటింగ్ డార్క్’లో ఎవరు ఏం పొందుతున్నట్టు? ఇలాంటివన్నీ విడివిడిగా బట్టీ పట్టాల్సిందేనా, ఏదైనా సూత్రం ఉందా?

జవాబు: చాలావరకు ఉందండి. ‘పొందు’ని కాసేపు పక్కన పెట్టండి. ఉన్న స్థితిని చెప్పేవి బీ (అంటే యామ్, ఈజ్, ఆర్ వగైరా), హ్యావ్. ఆ స్థితిలోకి రావడాన్ని చెప్పేది గెట్. ‘షి ఈజ్ మ్యారీడ్’ అంటే ఆవిడ వివాహిత. ‘షి గాట్ మ్యారీడ్ ఇన్ జూన్’ అంటే జూన్‌లో పెళ్ళి చేసుకుంది. జలుబు ఉంటే హ్యావ్, చేస్తే గెట్. చీకటిగా ఉంటే బీ, చీకటి పడుతుంటే గెట్. మన ‘పడు’ కూడా ఇలాంటి పనే చేస్తుంది చూడండి: చీకటి పడింది, జబ్బుపడ్డాడు, సిగ్గుపడింది. వీటిలో కింద పడ్డదేమీ లేదు కదా! గెట్ ఇన్, గెట్ అవుట్‌లలో మారేది స్థితి కాదు, చోటు. ‘ఐ గెట్ ఇట్’ అన్నా అంతే, అర్థం కానిది అర్థమైందని.

అన్నట్టు, ఈ గెట్ అనే మాట స్కాండినేవియా నుంచి వచ్చిన వైకింగుల పాత నార్స్ భాష నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. దాని చుట్టమైన ఫర్‌గెట్ మాత్రం అంతకు ముందు నుంచే ఇంగ్లీషులో ఉంది.

ప్రశ్న: ‘ఐ గాట్ హిమ్ టు సైన్’ దీనికి ఎలా అతుకుతుంది? ‘ఐ మేడ్ హిమ్ సైన్’ అన్నా అదేగా?

జవాబు: అదే కాదండీ. మేడ్ అంటే అతనికి ఇష్టం లేకపోయినా పెట్టించారు. ‘ఐ హ్యాడ్ హిమ్ సైన్’ అని కూడా అంటారు, అలా హ్యాడ్ అంటే మీరు చెప్పారు, అతను పెట్టాడు, పెద్ద పేచీ ఏమీ లేదు. గాట్ అంటే నచ్చజెప్పో బతిమాలో మొత్తానికి ఆ స్థితికి తెచ్చారు. తెలుగులో మూడింటికీ ‘సంతకం పెట్టించాను’ అనేస్తాం, అందుకే తేడా తోచదు. పైగా ఈ మూడు వాక్యాల్లో టు వచ్చేది గెట్‌కి మాత్రమే. ‘గాట్ హిమ్ సైన్’ అని దాన్ని మింగేస్తే తప్పు.

ఇంకొకరు: ‘హ్యావ్ గాట్’ అనాల్సిన చోట అమెరికా వాళ్ళు ‘హ్యావ్ గాటెన్’ అంటారే, ఆ గాటెన్ తప్పు ఇంగ్లీషేనా?

జవాబు: తప్పేం కాదు, పాత రూపమే. బ్రిటన్‌లో దాదాపు వాడుక తప్పింది, అమెరికాలో నిలిచింది. నన్నడిగితే అదే నయం. అమెరికన్ ‘ఐ హ్యావ్ గాట్ ఎ టికెట్’ అంటే టికెట్ చేతిలో ఉంది. ‘ఐ హ్యావ్ గాటెన్ ఎ టికెట్’ అంటే సంపాదించాడు. బ్రిటన్‌లో రెండింటికీ గాటే, సందర్భాన్ని బట్టి మనమే పోల్చుకోవాలి.