చెల్లెలికి ఫోనులో ఒక ‘అక్క’ దొరికింది. ఏం చేయమంటారు?

మలక్‌పేట నుంచి

మా చెల్లెలికి ముప్పై దాటాయి. భర్త వదిలేస్తే కొడుకును తీసుకుని మా ఇంటికి వచ్చేసింది. జాకెట్లు కుడుతుంది. మేమంతా పొద్దున్నే పనులకు పోతే సాయంత్రం దాకా తనూ, కుట్టుమిషనూ. మతం పేరు, సంస్థ పేరు రాయను. రాస్తే అందరూ వాటి మీదే కొట్టుకుంటారు, మా చెల్లెలి సంగతి గాలికి పోతుంది.

భక్తి ప్రసంగాల గ్రూపులో ఒకామె పరిచయమైంది. మొదట్లో నాకూ సంతోషమే వేసింది. చెల్లెలు కాపురం మాటెత్తితే మేము “ఇంకా ఎన్నాళ్లు తలచుకుంటావే” అనేవాళ్లం. ఆమె మాత్రం అర్ధరాత్రి దాకా వినేది. బాబు స్కూలు ఫీజుకు అయిదు వేలు పంపింది, తిరిగి ఇస్తానంటే వద్దంది.

ఆ తర్వాత చెల్లెలు పక్కింటి పిన్నిగారితో మాటలు మానేసింది. ఆవిడ మంచిది కాదట. ఎవరు చెప్పారంటే, పిన్నిగారి ముఖమైనా చూడని ఆ ఫోను అక్క! సందేశాలు చదవగానే మాయమవుతాయి. చెల్లెలి ఆధార్ మీద కొత్త సిమ్ కొనిపించారు, ఎవరో కుర్రవాడు వచ్చి పట్టుకుపోయాడు. తన పేర బ్యాంకు ఖాతా తెరిపించారు, ఏటీఎం కార్డు ఇంట్లో లేదు. మొన్న పాస్‌పోర్టు విచారణకు కానిస్టేబుల్ వస్తేగాని దరఖాస్తు పెట్టిందని మాకు తెలియలేదు. ఎక్కడికే అంటే, “అక్కడ నాకు గౌరవం ఉంటుంది, పెళ్లి కూడా వాళ్లే చేస్తారు” అంది. వరుడిని చూశావా అంటే చూడనవసరం లేదంది.

ఫోను లాక్కుని గదిలో పెట్టి తాళం వేద్దామని అన్నయ్య అంటున్నాడు. పోలీసులకు చెబితే దీన్నే పట్టుకుపోతారని అమ్మ ఏడుస్తోంది.

ఉప్పల్ రావు

ఫోను పగలగొట్టండి. మంచి సంబంధం చూసి పెళ్లి చేయండి. చదువుకున్న పిల్లయితే ఇలాంటివి నమ్మేది కాదు.

విశ్రాంత కౌన్సెలర్, సైదాబాద్

రావు గారూ, పెళ్లి చేస్తామనే కదా అవతలివాళ్లూ అంటున్నది! ఇక చదువంటారా, 2013లో బ్రిటన్‌లోని గ్లాస్గో నుంచి సిరియా వెళ్లి ఐసిస్ అనే ఉగ్రవాద సంస్థలో చేరిన అమ్మాయి మంచి ప్రైవేటు స్కూల్లో చదివి, రేడియోగ్రఫీ కోర్సులో ఉంది. వెళ్లాక మిగతా ఆడపిల్లలను రమ్మని బ్లాగు రాసింది కూడా ఆమే.

అమ్మా, మీరు రాసినదాంట్లో నాకు అన్నిటికన్నా భయం పుట్టించింది పాస్‌పోర్టు కాదు, పిన్నిగారు. ఏ రంగు జెండా వాళ్లయినా మొదట సిద్ధాంతం మాట్లాడరు. ఇంట్లో ఎవరూ వినని దుఃఖాన్ని వింటారు, చిన్న అవసరం తీరుస్తారు. తర్వాత ఆమె చుట్టూ ఉన్న మనుషులను ఒక్కొక్కరినీ చెడ్డవాళ్లను చేస్తారు. తాళం వేసి గదిలో పెడితే వాళ్లకు మిగిలిన పని మీ అన్నయ్యే పూర్తి చేసినట్టు.

లండన్‌లోని బెత్నల్ గ్రీన్ పిల్లల సంగతి గుర్తుందా? 2014 డిసెంబరులో ఒక బడిపిల్ల సిరియా వెళ్లిపోయింది. ఆ ఏడాదే ఆమె తల్లి క్యాన్సర్‌తో పోయింది, తండ్రి మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. పోలీసులు ఆమె స్నేహితురాళ్లను ప్రశ్నించాలనుకుని, తల్లిదండ్రులకు ఉత్తరాలు రాసి ఆ పిల్లల చేతికే ఇచ్చారు! పిల్లలు దాచేశారు. 2015 ఫిబ్రవరిలో మరో ముగ్గురు వెళ్లిపోయాకగాని అవి పెద్దవాళ్ల కంట పడలేదు. ఆ ముగ్గురిలో షమీమా బేగంకు అప్పుడు పదిహేనేళ్లు. ఐసిస్ చేతిలో ఉన్న సిరియా నగరం రక్కాలో పెళ్లికాని ఆడవాళ్లను ఒక ఇంట్లో ఉంచేవారు, పెళ్లికి ఒప్పుకుంటేనే బయటికి. చేరిన పది రోజులకే ఆమెకు పెళ్లయింది. ముగ్గురు బిడ్డలు పుట్టి ముగ్గురూ పోయారు. 2019లో బ్రిటన్ పౌరసత్వం కూడా తీసేసింది. “అక్కడ గౌరవం” అన్నవాళ్లు అక్కడి తలుపుకు గడియ ఏ వైపు ఉంటుందో చెప్పరు.

అవతల ఉన్నది నిజంగా అక్కేనా అన్నదీ అనుమానించండి. బ్రిటన్ మహిళనని మరో పేరుతో ఫేస్‌బుక్‌లో ఐసిస్ కోసం మనుషులను చేరదీసిందన్న ఆరోపణపై, 2015 సెప్టెంబరులో యూఏఈ తిప్పి పంపిన ఒకామెను మన విమానాశ్రయంలోనే అరెస్టు చేశారు. ఆమె హైదరాబాదీ.

చెల్లెలితో మతం గురించి వాదించకండి, గెలవలేరు. రాత్రి పదకొండుకు ఆమెకు మాట్లాడాలనిపిస్తే మీరు మెలకువగా ఉండండి, అంతే. ఆ అయిదు వేలు తిరిగి పంపడం తనంతట తానే చేస్తే ఇంకా మంచిది. తానే మాట్లాడాలనుకుంటే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన ఫోను సహాయం టెలీ మానస్ 14416లో తెలుగులోనే మాట్లాడతారు.

న్యాయవాది, నాంపల్లి

సిమ్, ఖాతా విషయం మాత్రం రేపటికి వాయిదా వేయకండి. వాటితో ఎవరు ఏం చేసినా మొదట తలుపు తట్టేది మీ ఇంటిదే. ఉగ్రవాద సంస్థకు డబ్బు అందిందని ఉగ్రవాద నిరోధక చట్టం యూఏపీఏ కింద కేసు పెడితే బెయిలు చాలా కష్టం. ఆమె పేర ఎన్ని నంబర్లు ఉన్నాయో టెలికాం శాఖ వెబ్‌సైటు సంచార్ సాథీలో చూసి, అక్కరలేనివాటిని ఆపమని అక్కడే ఫిర్యాదు చేయించండి. కార్డు నిలిపివేయమని ఆమె చేతే బ్యాంకుకు రాతపూర్వకంగా ఇప్పించి, రసీదు తీసుకోండి.

అమ్మగారి భయం అర్థమవుతుంది. కానీ పోలీసులు వెతుక్కుంటూ రావడానికి ముందే మీరే వెళ్లి చెప్పడం వేరు. ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో కలవండి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సహాయం ఉచితం, ఫోను 15100. వకీలును వెంటబెట్టుకునే పోలీసుల దగ్గరకు వెళ్లండి.

మలక్‌పేట నుంచి

అన్నయ్యను ఆపాను. సంచార్ సాథీలో చూడాలంటే ఓటీపీ ఆమె ఫోనుకే వస్తుందిగా, అడిగితే తెలిసిపోతుంది. న్యాయ సేవకు ఆమెను తీసుకుని వెళ్లాలా, ముందు నేనొక్కదాన్నే వెళ్లనా?

విశ్రాంత కౌన్సెలర్, సైదాబాద్

ముందు మీరొక్కరే వెళ్లండి. సిమ్ కొన్నదెప్పుడు, కుర్రవాడు వచ్చిందెప్పుడు, గుర్తున్నంతవరకు కాగితం మీద రాసుకుని వెళ్లండి. తర్వాత ఆమెతో దాపరికం లేకుండా “నీ పేర కేసు పడుతుందని నాకు భయంగా ఉంది, ఇద్దరం కలిసి చూద్దాం” అనండి. పాస్‌పోర్టు స్పీడ్ పోస్టులో వస్తుంది, ఆమె చేతికే ఇస్తారు. లాక్కోవద్దు, కానీ అది వచ్చిన రోజు మీకు తెలియాలి. పోస్ట్‌మ్యాన్ వచ్చే వేళకు ఇంట్లో ఎవరో ఒకరు ఉండేలా చూసుకోండి.